డీవో డాక్టరుకు రెసిడెన్సీ: దారి ఎక్కడ ఇరుకవుతుంది?

అమెరికాలోని తెలుగు కుటుంబాల్లో ఈమధ్య తరచూ వినిపిస్తున్న మాట: “మా అమ్మాయికి డీవో కాలేజీలో సీటొచ్చిందండీ.” దానికి వెంటనే వచ్చే ప్రశ్న: “అదేంటి, ఎండీ రాలేదా?” ఆ ప్రశ్న వెనక ఒక అపోహ ఉంది, ఒక నిజమూ ఉంది. డీవోలు పూర్తిస్థాయి డాక్టర్లు కారనుకోవడం అపోహ. న్యూరోసర్జరీ, ఆర్థోపెడిక్స్, డెర్మటాలజీ లాంటి గట్టి పోటీ ఉన్న విభాగాల్లో వాళ్లకు రెసిడెన్సీ దొరకడం కష్టమన్నది నిజం. ఈ రెండూ కలగలిసిపోవడం వల్ల కొందరు మంచి అవకాశాన్ని చేజేతులా వదులుకుంటున్నారు. మరికొందరు ముందేముందో తెలుసుకోకుండా చేరి, నాలుగో ఏట బెంబేలెత్తిపోతున్నారు. అందుకే అసలు కష్టం ఏ మెట్టు దగ్గర ఉందో నిదానంగా చూద్దాం.

ఎవరీ డీవోలు?

డీవో అంటే డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్. మన ఊళ్లలో కొందరు కంటి డాక్టర్ల బోర్డుల మీద కనిపించే డి.ఓ. డిప్లొమాకూ దీనికీ సంబంధం లేదు. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఆస్టియోపాత్ అంటే చేతులతో కండరాలకూ కీళ్లకూ చికిత్స చేసేవారు. వాళ్లు ఆపరేషన్లు చేసే వైద్యులు కారు. అమెరికాలో డీవో సంగతి వేరు. డిగ్రీ తర్వాత నాలుగేళ్ల వైద్యవిద్య, ఆపైన రెసిడెన్సీ. ఏ రాష్ట్రంలోనైనా ఎండీతో (అక్కడ అది మన ఎంబీబీఎస్ లాంటి తొలి వైద్య పట్టా) సమానంగా మందులు రాయవచ్చు, సర్జరీలు చేయవచ్చు. వెన్నెముకనూ కండరాలనూ కీళ్లనూ చేతులతో పరీక్షించి సరిచేసే పద్ధతిలో దాదాపు 200 గంటల శిక్షణ వీళ్లకు అదనం.

ఈ పద్ధతికి మూలపురుషుడు ఆండ్రూ టేలర్ స్టిల్. 1864లో మెనింజైటిస్ ఆయన ముగ్గురు పిల్లల్ని పొట్టన పెట్టుకుంది. ఆనాటి వైద్యం మీద నమ్మకం పోయి, 1874లో తన కొత్త ఆలోచనను ప్రకటించారు. 1892లో మిస్సోరీ రాష్ట్రంలోని కిర్క్స్‌విల్‌లో తొలి కాలేజీ పెట్టారు. ఎండీల సంఘాలు ఈ శాఖను చాలాకాలం దూరంగా ఉంచాయి. 1962లో కాలిఫోర్నియాలో డీవోలకు 65 డాలర్ల రుసుముతో ఎండీ పట్టా ఇచ్చి, కొత్తగా డీవో లైసెన్సులు ఇవ్వడం ఆపేశారు. 1974లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు జోక్యంతో ఆ తలుపు మళ్లీ తెరుచుకుంది. ఈలోగా వియత్నాం యుద్ధం రోజుల్లో, 1966లో, అమెరికా సైన్యం డీవోలను వైద్యాధికారులుగా తీసుకోవడానికి ఒప్పుకుంది. 30 ఏళ్లు తిరిగేసరికి, 1996లో, రోనాల్డ్ బ్లాంక్ అనే డీవో ఆ సైన్యానికే సర్జన్ జనరల్ అయ్యారు. ట్రంప్ మొదటి పదవీకాలంలో వైట్‌హౌస్ వైద్యుడిగా ఉన్న షాన్ కాన్లీ, బైడెన్‌కు వైద్యం చూసిన కెవిన్ ఓకానర్ ఇద్దరూ డీవోలే.

ఇవాళ డీవో కాలేజీలు 40 దాటాయి. అమెరికాలో వైద్యం చదివే ప్రతి నలుగురిలో ఒకరికి పైగా వాటిలోనే ఉన్నారు. చట్టం దృష్టిలో, రోగి దృష్టిలో తేడా ఎప్పుడో చెరిగిపోయింది. అది ఇంకా మిగిలి ఉన్న చోటు రెసిడెన్సీ గుమ్మం.

రెండు వ్యవస్థలు ఒకటైన వేళ

రెసిడెన్సీ లేకుండా అమెరికాలో వైద్య పట్టా చేతికొచ్చినా సొంతంగా ప్రాక్టీసు పెట్టలేరు. ఫ్యామిలీ మెడిసిన్‌కు మూడేళ్లు, ఆర్థోపెడిక్స్‌కు ఐదేళ్లు, న్యూరోసర్జరీకి ఏడేళ్లు ఆసుపత్రిలో జీతం తీసుకుంటూ నేర్చుకోవాలి. ఈ శిక్షణ ఖర్చులో పెద్ద భాగం ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం మెడికేర్ నుంచే వస్తుంది. 1997లో కాంగ్రెస్ ఒక చట్టం చేసి మెడికేర్ డబ్బిచ్చే రెసిడెన్సీ స్థానాలకు పరిమితి విధించింది. వైద్య కాలేజీలు మాత్రం పెరుగుతూ పోయాయి. పోటీకి ఒక ముఖ్యమైన మూలం అక్కడుంది.

2020కి ముందు రెసిడెన్సీలు రెండు గొడుగుల కింద ఉండేవి. ఎండీల వైపు ఏసీజీఎంఈ అనే సంస్థ గుర్తింపు, డీవోల వైపు వాళ్ల సొంత సంఘం గుర్తింపు. డీవోలు రెండు వైపులా దరఖాస్తు చేసుకోవచ్చు. సొంత సంఘం కింద ఉన్న ఆర్థోపెడిక్స్, ఈఎన్‌టీ, డెర్మటాలజీ స్థానాలు మాత్రం డీవోలకే. 2014లో రెండు పక్షాలూ ఒప్పందం చేసుకున్నాయి. 2015 నుంచి 2020 దాకా ఐదేళ్ల వ్యవధిలో అన్నిటినీ ఏసీజీఎంఈ కిందికి తెచ్చారు.

దీనివల్ల లాభమూ ఉంది, నష్టమూ ఉంది. శిక్షణకు ఒకే ప్రమాణం వచ్చింది. ఏ రెసిడెన్సీ చేసినా తర్వాతి ఫెలోషిప్‌లకు అడ్డు లేకుండా పోయింది. అదే సమయంలో డీవోలకు మాత్రమే ఉన్న స్థానాలకు ఎండీలు కూడా అర్హులయ్యారు. కొత్త ప్రమాణాలు అందుకోలేక కొన్ని చిన్న ప్రోగ్రాంలు మూతపడ్డాయి. మిచిగాన్, ఒహాయో, పెన్సిల్వేనియా రాష్ట్రాల్లో డీవోల చేతుల మీదుగా పెరిగిన సర్జరీ ప్రోగ్రాంలు చాలావరకు ఇప్పటికీ డీవోలను ఆదరిస్తున్నాయి. అయితే ఆ సీటు తమకే అన్న భరోసా పోయింది.

మ్యాచ్‌లో జరిగేది ఏమిటి?

సీట్ల పంపకం మ్యాచ్ అనే పద్ధతిలో జరుగుతుంది. మన ఈఏపీసెట్ (పాత ఎంసెట్) వెబ్ ఆప్షన్లలో విద్యార్థి కాలేజీల వరుస ఇస్తే, ర్యాంకును బట్టి సీటు వస్తుంది. కాలేజీ తన ఇష్టం చెప్పదు. మ్యాచ్‌లో ఇద్దరూ చెబుతారు. విద్యార్థి ప్రోగ్రాంల జాబితా ఇస్తాడు, ప్రోగ్రాం విద్యార్థుల జాబితా ఇస్తుంది. కంప్యూటర్ రెండిటినీ కలుపుతుంది.

ఒక విద్యార్థిని తన జాబితాలో మొదట క్లీవ్‌లండ్‌లోని ఒక ప్రోగ్రాం, తర్వాత డెట్రాయిట్‌లోది, ఆ తర్వాత ఫిలడెల్ఫియాలోది రాసిందనుకుందాం. కంప్యూటర్ ముందు క్లీవ్‌లండ్ జాబితా చూస్తుంది. అక్కడ ఐదు సీట్లుంటే, ఆమెకంటే పైన ఉన్న ఐదుగురు వాటిలో కుదిరిపోయి ఉంటే డెట్రాయిట్‌కు వెళుతుంది. అక్కడ తాత్కాలికంగా కూర్చున్నవారిలో ఒకరికంటే ఈమె పేరు ఆ ప్రోగ్రాం జాబితాలో పైన ఉంటే ఈమెకు చోటిచ్చి, ఆ ఒకరిని అతని తర్వాతి ఎంపికకు పంపుతుంది. కదలికలన్నీ ఆగేదాకా ఇలా సాగుతుంది. మొదటి వరుసలో పెద్ద ప్రోగ్రాం పేరు రాసి అక్కడ కుదరకపోయినంత మాత్రాన కింది వరుసలో అవకాశం తగ్గదు. అందుకే నిజంగా ఇష్టమైన క్రమంలోనే రాయాలి. ఈ లెక్క వెనకున్న సిద్ధాంతానికి, దాని అమలుకు గాను లాయిడ్ షాప్లీ, ఆల్విన్ రోత్‌లకు 2012లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది.

గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే, ఆ కంప్యూటర్‌కు ఎండీ, డీవో అన్న తేడా తెలియదు. అది పేర్ల వరుసను మాత్రమే చూస్తుంది. ప్రోగ్రాంలు మామూలుగా ఇంటర్వ్యూకు పిలిచినవారి పేర్లే జాబితాలో రాస్తాయి. కాబట్టి మార్చిలో జరిగే మ్యాచ్ కంటే, అక్టోబరు, నవంబరుల్లో వచ్చే ఇంటర్వ్యూ పిలుపులే తలరాతను తేలుస్తాయి. డీవోలకు దారి ఇరుకయ్యేది సరిగ్గా అక్కడే.

ఫైలు తెరవకముందే జరిగే వడపోత

ఒక సర్జికల్ ప్రోగ్రాం ఆఫీసును ఊహించుకోండి. ఏటా తీసుకునేది నలుగురిని, ఐదుగురిని. దరఖాస్తులు వందల్లో వస్తాయి. ప్రోగ్రాం డైరెక్టరు కూడా సర్జనే, వారంలో సగం రోజులు ఆపరేషన్ థియేటర్‌లోనే గడుస్తాయి. అన్ని ఫైళ్లూ పూర్తిగా చదవడం సాధ్యపడదు. కంప్యూటర్‌లో ఫిల్టరు పెడతారు: యూఎస్‌ఎంఎల్‌ఈ (ఎండీల లైసెన్సు పరీక్ష) స్టెప్ 2 మార్కులు ఇంతకు పైన ఉన్నవారినే చూపించు. డీవో విద్యార్థి తన లైసెన్సుకు అవసరమైన కామ్లెక్స్ పరీక్ష మాత్రమే రాసి ఉంటే, స్టెప్ 2 గడి ఖాళీగా ఉంటుంది. అతని పేరు ఆ జాబితాలోకే రాదు. ఎవరూ అతన్ని కాదనలేదు, అసలు అతని ఫైలు ఎవరూ తెరవనే లేదు. కొన్ని ప్రోగ్రాంలు నేరుగా పట్టా రకాన్ని బట్టే వడకడతాయి.

ఈ రెండు పరీక్షలూ కొలిచేది ఇంచుమించు ఒకే జ్ఞానాన్ని. కొలతలు మాత్రం వేరు. కామ్లెక్స్ లెవెల్ 2లో ఉత్తీర్ణతకు 400 రావాలి. యూఎస్‌ఎంఎల్‌ఈ స్టెప్ 2లో ఆ గీత 2022లో 214 ఉండగా, 2025లో 218కి పెంచారు. ఎండీ డైరెక్టరుకు 250 అంటే ఎంత మంచి మార్కో చూడగానే తెలుస్తుంది. కామ్లెక్స్‌లో 600 అంటే ఎంతో ఆగి ఆలోచించాలి. తీరిక లేని మనిషి ఆగడు. అందుకే పోటీ విభాగాలు కోరుకునే డీవోలు రెండు పరీక్షలూ రాస్తారు. ఒక్కోదానికి 700 డాలర్లకు అటూఇటూ ఖర్చు, మళ్లీ నెలల తరబడి చదువు.

2022 నుంచి రెండు పరీక్షల మొదటి మెట్టులోనూ మార్కులు తీసేసి పాస్, ఫెయిల్ మాత్రమే ఉంచారు. విద్యార్థుల మీద ఒత్తిడి తగ్గించడానికి చేసిన పని అది. అయితే అంతకుముందు స్టెప్ 1లో భారీగా మార్కులు తెచ్చుకున్న డీవో, కాలేజీ పేరు ఏదైనా తన ప్రతిభను అంకెలో చూపించగలిగేవాడు. ఇప్పుడు ఆ అవకాశం స్టెప్ 2 ఒక్కదానికే పరిమితమైంది. అంకెలు తగ్గిన చోట కాలేజీ పేరుకూ, సిఫార్సు లేఖలకూ, పరిశోధనకూ బరువు పెరిగింది.

ఆ మూడింటిలోనూ డీవో విద్యార్థి వెనకబడి మొదలుపెడతాడు. చాలా డీవో కాలేజీలకు సొంత బోధనాసుపత్రి ఉండదు. మూడు, నాలుగు సంవత్సరాల విద్యార్థులను వేర్వేరు ఊళ్లలోని కమ్యూనిటీ ఆసుపత్రులకు పంపుతారు. రోగులను దగ్గరగా చూడటానికి అది మంచి శిక్షణే. అయితే పెద్ద విశ్వవిద్యాలయంలో చదివే ఎండీ విద్యార్థికి మొదటి ఏడాది నుంచే న్యూరోసర్జరీ విభాగం కాలేజీలోనే ఉంటుంది. ఆ ప్రొఫెసరు అతనికి పరిశోధనలో చోటిస్తాడు, లేఖ రాస్తాడు, అవసరమైతే మిత్రుడికి ఫోన్ చేస్తాడు. డీవో విద్యార్థి ఇవన్నీ బయట వెతుక్కోవాలి. 2024 మ్యాచ్ గణాంకాల ప్రకారం న్యూరోసర్జరీ, ఆర్థోపెడిక్స్, డెర్మటాలజీల్లో సీటు దక్కిన ఎండీ విద్యార్థులు చూపించిన పరిశోధన పత్రాలు, ప్రసంగాలు, సారాంశాలు కలిపి సగటున 20 దాటాయి. సొంత పరిశోధనశాల లేని కాలేజీ నుంచి ఆ స్థాయికి చేరడం మామూలు పని కాదు.

92 శాతం వెనక కనిపించనివారు

2025 మ్యాచ్‌లో ఎండీ ఆఖరి ఏడాది విద్యార్థుల్లో 93.5 శాతం మందికి, డీవోల్లో 92.6 శాతం మందికి సీటు దక్కింది. తేడా ఒక్క శాతం లోపే. ఇతర దేశాల్లో చదివి వచ్చిన, అమెరికా పౌరులు కాని డాక్టర్లలో ఇది 58 శాతమే. ఉస్మానియాలోనో, గుంటూరు మెడికల్ కాలేజీలోనో ఎంబీబీఎస్ చేసి యూఎస్‌ఎంఎల్‌ఈ రాసే మన పిల్లలు ఈ ఆఖరి వరుసలోకే వస్తారు. అంటే డాక్టరుగా స్థిరపడటమే లక్ష్యమైతే డీవో దారి భద్రమైనది. ఈ మాట తల్లిదండ్రులు ధైర్యంగా నమ్మవచ్చు.

అయితే ఈ అంకె అన్ని విభాగాలనూ కలిపి చెప్పేది. డీవోల్లో సగానికి పైగా ఫ్యామిలీ మెడిసిన్, ఇంటర్నల్ మెడిసిన్, పీడియాట్రిక్స్‌లో చేరతారు. ఫిజికల్ మెడిసిన్, ఎమర్జెన్సీ మెడిసిన్, సైకియాట్రీ, అనస్థీషియాల్లోనూ బాగానే ఉన్నారు. ప్లాస్టిక్ సర్జరీ, న్యూరోసర్జరీల దగ్గరికి వస్తే ఏటా చేరే డీవోలు చాలా తక్కువ. పైగా, డెర్మటాలజీ చేయాలని కలగని, రెండో ఏట ఎవరో వద్దంటే మానుకుని మరో విభాగానికి దరఖాస్తు పెట్టినవారు కూడా ఆ 92 శాతంలోనే ఉంటారు. వదులుకున్న కోరికలను ఆ లెక్క పట్టుకోలేదు.

పిల్లల వైద్యం, కుటుంబ వైద్యం చేసేవారు తక్కువవారని దీనర్థం కాదు. డాక్టర్లు అందని పల్లెలకు వైద్యం చేరవేయడం డీవో కాలేజీల్లో చాలావాటి ఆశయం. ఇష్టపడి ఆ దారిలో వెళ్లడం గొప్ప విషయం. ఇష్టం లేకుండా, ఫిల్టరు తోసేస్తే వెళ్లాల్సి రావడం వేరు.

గట్టిగా కోరుకునేవారు చేయాల్సినవి

ముందుగా, నిర్ణయం రెండో ఏట నాటికే ఒక కొలిక్కి రావాలి. నాలుగో ఏట ఆర్థోపెడిక్స్ మీద మనసు పడితే పరిశోధనకూ, లేఖలకూ సమయం మిగలదు. స్టెప్ 2 రాయాలా వద్దా అన్న సందేహం పోటీ విభాగాల వారికి అక్కర్లేదు, రాసి తీరాలి.

తర్వాతిది ఆడిషన్ రొటేషన్. నాలుగో ఏడాది మొదట్లో తమకు నచ్చిన ప్రోగ్రాంకు వెళ్లి సుమారు నాలుగు వారాలు పనిచేయడాన్ని అలా అంటారు. డీవోకు ఇది ప్రాణంతో సమానం, ఎందుకంటే ఫైలు చదవని డైరెక్టరు ఇక్కడ మనిషిని చూస్తాడు. రెసిడెంట్ల కంటే ముందే తెల్లవారుజామున వార్డుకు వెళ్లి, రాత్రి చేరిన తుంటి ఎముక విరిగిన రోగికి ఏ రక్తం పలచన చేసే మందు వాడుతున్నారో, ఆఖరి మోతాదు ఎప్పుడు వేశారో తెలుసుకుని ఉంచే విద్యార్థి రెసిడెంట్ల కంట్లో పడతాడు. అడగకముందే కట్టు విప్పడానికి కత్తెర అందించడం, తెలియనప్పుడు తెలియదని చెప్పి సాయంత్రానికి చదివి రావడం, నర్సులతో మర్యాదగా మాట్లాడటం, వీటన్నిటినీ వాళ్లు గమనిస్తారు. జాబితా తయారుచేసే రోజు “ఇతను మాతో ఐదేళ్లు పనిచేయగలడు” అని రెసిడెంట్లు చెప్పే మాటకు చాలా విలువ ఉంటుంది.

రొటేషన్ ఎక్కడ చేయాలన్నదీ ఆలోచించి తేల్చాలి. గత ఐదేళ్ల రెసిడెంట్ల పేర్లు ప్రోగ్రాంలు తమ వెబ్‌సైట్లలో పెడతాయి. ఆ వరుసలో డీవోలు ఉన్నారా, ఉంటే ఏటా ఉన్నారా అన్నది చూడాలి. ఒక్క డీవో కూడా లేని చోట నెల రోజులు, అద్దె, ప్రయాణ ఖర్చులు పెట్టే ముందు మళ్లీ ఆలోచించడం మేలు.

ఇప్పుడు దరఖాస్తుతో పాటు సిగ్నళ్లు పంపే పద్ధతి వచ్చింది. మీ ప్రోగ్రాం మీద నాకు నిజంగా ఆసక్తి ఉందని చెప్పడమే సిగ్నల్. ఆర్థోపెడిక్స్‌లో 30 సిగ్నళ్లు ఇస్తున్నారు. సిగ్నల్ అందని ప్రోగ్రాం నుంచి ఇంటర్వ్యూ ఆశించడం కష్టం. అందుకే విచ్చలవిడిగా దరఖాస్తులు పెట్టడం దండగ. దరఖాస్తులు పంపే ఈరాస్ అనే వ్యవస్థలో రుసుము 2025 సీజన్ నుంచి ఒక విభాగంలో మొదటి 30 ప్రోగ్రాంలకు 11 డాలర్ల చొప్పున, ఆపైన ఒక్కోదానికి 30 డాలర్ల చొప్పున ఉంది. 80 చోట్ల పెడితే 1,830 డాలర్లు. అందులో 1,500 డాలర్లు సిగ్నల్ లేకుండా పంపిన ఆ 50 దరఖాస్తులకే పోతాయి.

చివరిగా, రెండో దారి సిద్ధంగా ఉండాలి. ఆర్థోపెడిక్స్‌తో పాటు జనరల్ సర్జరీకో, డెర్మటాలజీతో పాటు ఇంటర్నల్ మెడిసిన్‌కో దరఖాస్తు పెట్టడం పిరికితనం కాదు. యూరాలజీ, కంటి వైద్యం సీట్లు వేరే మ్యాచ్‌లలో ముందే తేలిపోతాయి కాబట్టి వాటికి ప్రయత్నించేవారు మార్చి మ్యాచ్‌లో మరో విభాగాన్ని చూసుకోగలరు. మార్చిలో మ్యాచ్ వారం సోమవారం నాడు సీటు రాలేదని తెలిస్తే, మిగిలిన స్థానాలకు అదే వారం సోప్ అనే విడత నడుస్తుంది. అప్పటికీ కుదరకపోతే ఒక ఏడాది సర్జరీ ప్రిలిమినరీ స్థానంలోనో, పరిశోధనలోనో గడిపి మళ్లీ ప్రయత్నించేవారున్నారు. ఇంటర్నల్ మెడిసిన్‌లో చేరినవారికి కార్డియాలజీ, గ్యాస్ట్రోఎంటరాలజీ తలుపులు మూడేళ్ల తర్వాత తెరిచే ఉంటాయి. పోటీ విభాగానికి అదీ ఒక దారే.

మన బాధ్యత

డీవో సీటు వచ్చిన పిల్లల్ని చిన్నబుచ్చకండి. అది దాచిపెట్టాల్సిన సంగతి అసలే కాదు. అదే సమయంలో “ఎండీ, డీవో అంతా ఒకటే” అని తేలిగ్గా కొట్టిపారేసి పంపకండి. చేరబోయే కాలేజీ నుంచి గత మూడేళ్లలో ఎవరు ఏ విభాగాల్లో, ఏ ఆసుపత్రుల్లో చేరారో జాబితా అడగండి. రొటేషన్లు ఏ ఊళ్లలో ఉంటాయో, పరిశోధనకు ఎవరు తోడుంటారో అడగండి. వాటికి సూటిగా జవాబు చెప్పే కాలేజీనే ఎంచుకోండి.

ఇంకో మాట, అమెరికా ఆసుపత్రుల్లో ప్రోగ్రాం డైరెక్టర్లుగా, ఫ్యాకల్టీగా ఉన్న తెలుగు డాక్టర్లకు. మీలో చాలామంది తెలుగు రాష్ట్రాల కాలేజీల్లో చదివి, అమెరికాలో ఎవరికీ తెలియని కాలేజీ పేరుతో దరఖాస్తు పెట్టినవారే. ఎవరో ఒకరు ఫిల్టరు పక్కనపెట్టి మీ ఫైలు చదివినందువల్లే మీకు ఆ కుర్చీ దక్కింది. ఈ సెప్టెంబరులో మీ ముందుకు వచ్చే దరఖాస్తుల్లో డీవోలను పక్కనపెట్టే ఫిల్టరును తీసేయమని మీ ఆఫీసుకు చెప్పండి. కామ్లెక్స్ మార్కులను చదవడం నేర్చుకోండి. సీటు ఇవ్వాలా వద్దా అన్నది ఫైలు చదివాక తేల్చండి.